పంపు మారిస్తే పవర్ పెరుగుతుందా?

ఒక ఫ్యూయల్ పంపు... నాలుగు లెక్కలు. కోర్ కంపెనీల ఇంటర్వ్యూలో మిమ్మల్ని నిలబెట్టే ఇంజినీరింగ్ పాఠం ఇందులోనే ఉంది!

మీరు మెకానికల్ ఫైనలియర్. కోర్ కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లారు. సెల్ఫ్ ఇంట్రడక్షన్ అయిపోయింది. రెజ్యుమెలో 'ఆటోమొబైల్స్ అంటే ఆసక్తి' అని రాసుకున్నారు. అవతలి వ్యక్తి అది చూసి నవ్వుతూ ఓ ప్రశ్న వేశారు. 'నా దగ్గర 320 హార్స్‌పవర్ కారు ఉంది. దాన్ని 500 చేయాలి. పెద్ద ఫ్యూయల్ పంపు వేస్తే సరిపోతుందా?'

ఎక్కువ మంది ఇక్కడ రెండు దారుల్లో ఒకటి పడతారు. కొందరు 'పెట్రోలు ఎక్కువ వెళితే పవర్ ఎక్కువ వస్తుంది కాబట్టి సరిపోతుంది సర్' అంటారు. ఇంకొందరు 'సరిపోదు సర్, టర్బో మార్చాలి' అంటారు. ఎందుకని అడిగితే మాత్రం ఆగిపోతారు. మూడో దారి ఒకటుంది. 'ఇప్పుడున్న పంపు గంటకు ఎన్ని లీటర్లు ఇస్తోంది, 500కి ఎన్ని కావాలి? ముందు ఆ లెక్క వేద్దాం సర్. తర్వాత అడ్డు ఎక్కడుందో వెతుకుదాం' అని పెన్ను తీయడం. ఉద్యోగానికి దగ్గరయ్యేది ఈ మూడో అభ్యర్థే.

ఆ లెక్క ఎలా వేయాలో ఈ రోజు చూద్దాం. దీనికి సూపర్ కారు అక్కర్లేదు. కాగితం, పెన్ను, ఇంటర్మీడియట్ ఫిజిక్స్ చాలు.

బోరు మోటారు తెలిస్తే ఫ్యూయల్ పంపు తెలిసినట్టే

ఇప్పటి పెట్రోలు కార్లలో ఫ్యూయల్ పంపు ట్యాంకు లోపలే, పెట్రోలులో మునిగి ఉంటుంది. మన పొలాల్లో బోరులోకి దింపే సబ్‌మెర్సిబుల్ మోటారు లాంటిదే అనుకోండి. చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. ఎప్పుడూ రిజర్వులోనే బండి నడిపితే పంపు త్వరగా పాడవుతుందని మెకానిక్‌లు అనేది ఇందుకే.

పంపు తోసిన పెట్రోలు ఫిల్టర్ దాటి ఇంజిన్ మీదుండే ఫ్యూయల్ రైలుకు చేరుతుంది. అక్కడి నుంచి ఇంజెక్టర్లు కొలిచినట్టు కొంచెం కొంచెం చిమ్ముతాయి. ఎంత చిమ్మాలో నిర్ణయించేది ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్. పాత తరం పెర్ఫార్మెన్స్ కార్లలో, మిగిలిన పెట్రోలు ప్రెషర్ రెగ్యులేటర్ ద్వారా మళ్లీ ట్యాంకుకే తిరిగొస్తుంది.

ఈ చివరి వాక్యాన్ని ఇంకోసారి చదవండి. ఇంజిన్‌కు ఎంత కావాలో అంతే ఇంజెక్టర్లు తీసుకుంటాయి. మిగిలింది ట్యాంకుకు తిరిగి వెళుతుంది. అంటే కంపెనీ నుంచి వచ్చిన కారులో ఇంకేమీ మార్చకుండా రెట్టింపు పంపు వేస్తే ఏమవుతుంది? ఎక్కువ పెట్రోలు ట్యాంకు నుంచి బయల్దేరి, ఎక్కువ పెట్రోలు ట్యాంకుకే తిరిగొస్తుంది. హార్స్‌పవర్ అంతే ఉంటుంది!

మరి పెర్ఫార్మెన్స్ కార్ల వాళ్లు పంపు ఎందుకు మారుస్తారు? పంపు పవర్ ఇవ్వదు కానీ, పవర్‌కు ఓ పైకప్పు వేస్తుంది. టర్బో, ఇంజెక్టర్లు, ఈసీయూ అన్నీ సిద్ధంగా ఉన్నా పంపు చాలకపోతే ఇంజిన్ అక్కడే ఆగిపోవాలి. ఆ పైకప్పును పైకి జరపడానికే కొత్త పంపు.

మన ఉదాహరణ: టయోటా సుప్రా

అంకెలతో మాట్లాడుకోవడానికి అందరికీ తెలిసిన కారు తీసుకుందాం. 2001లో వచ్చిన 'ద ఫాస్ట్ అండ్ ద ఫ్యూరియస్' సినిమాలో పాల్ వాకర్ నడిపిన నారింజ రంగు సుప్రా గుర్తుందా? 1993లో మార్కెట్లోకి వచ్చిన నాలుగో తరం సుప్రా అది. ఆ తరం టర్బో మోడల్ ఇంజిన్ పేరు 2జేజెడ్-జీటీఈ. వరసగా ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు, 2,997 సీసీ. బోరు 86 మిల్లీమీటర్లు, స్ట్రోక్ కూడా 86 మిల్లీమీటర్లే. జపాన్‌లో 280 పీఎస్‌గా, అమెరికాలో 320 హెచ్‌పీగా అమ్మారు. ఇనుప బ్లాక్ గట్టిది కావడంతో ట్యూనర్లకు ఇది అభిమాన ఇంజిన్ అయింది. పంపు మార్చడమన్నది దీని మీద జరిగినంతగా చాలా తక్కువ ఇంజిన్ల మీద జరిగి ఉంటుంది.

లక్ష్యం: అమెరికా మోడల్‌ను 320 నుంచి 500 హెచ్‌పీకి తీసుకెళ్లాలి.

లెక్క 1: గంటకు ఎన్ని లీటర్లు?

ఒక హార్స్‌పవర్‌ను గంట పాటు ఇవ్వడానికి ఇంజిన్ ఎంత ఇంధనం తాగుతుందో చెప్పే కొలతను బ్రేక్ స్పెసిఫిక్ ఫ్యూయల్ కన్సంప్షన్ అంటారు. థర్మల్ ఇంజినీరింగ్ ల్యాబ్‌లో మీరు రికార్డు రాసే ఉంటారు. టర్బో లేని పెట్రోలు ఇంజిన్‌కు పూర్తి లోడ్‌లో హెచ్‌పీకి సుమారు 225 గ్రాములు తీసుకోవచ్చు. టర్బో ఇంజిన్‌లో వేడిని అదుపులో పెట్టడానికి కాస్త ఎక్కువ పెట్రోలు కలుపుతారు. కాబట్టి 270 గ్రాములు తీసుకుందాం. లీటరు పెట్రోలు బరువు సుమారు 0.74 కిలోలు.

320 హెచ్‌పీకి: 320 × 0.27 = 86.4 కిలోలు. లీటర్లలో దాదాపు 117.
500 హెచ్‌పీకి: 500 × 0.27 = 135 కిలోలు. లీటర్లలో దాదాపు 182.

పంపు సరిగ్గా 182 ఇస్తే చాలదు. ఎండాకాలం వేడి, కాస్త మురికి పట్టిన ఫిల్టర్, పాతబడే పంపు... వీటి కోసం ఓ 15 శాతం మార్జిన్ పెడదాం. అప్పుడు 210 లీటర్లు కావాలి. ఈ 210ని గుర్తుపెట్టుకోండి. చివరి దాకా మన పరీక్ష ఇదే.

ట్యూనర్ల లోకంలో బాగా వినిపించే సైజు గంటకు 255 లీటర్ల పంపు. 255 అంటే 210 కంటే ఎక్కువే కదా, కొనేద్దామా? ఆగండి. ఆ 255 ఏ ప్రెషర్ దగ్గరో అడగలేదు!

లెక్క 2: ప్రెషర్ పెరిగితే ప్రవాహం తగ్గుతుంది

ఒకే మోటారును 100 అడుగుల బోరులో, 400 అడుగుల బోరులో దింపి చూడండి. రెండింట్లో నీళ్లు ఒకేలా రావు. లోతు పెరిగేకొద్దీ ధార సన్నబడుతుంది. ఫ్యూయల్ పంపుకూ ఇదే సూత్రం. ఎదురుగా ఎంత ప్రెషర్ ఉంటే అంత తక్కువ పెట్రోలు వస్తుంది.

ఇంజెక్టర్ నుంచి పెట్రోలు సరైన కొలతలో రావాలంటే దాని ముందూ వెనకా ప్రెషర్ తేడా ఎప్పుడూ ఒకేలా ఉండాలి. సాధారణంగా 3 బార్. టర్బో లేనప్పుడు ఇది తేలిక. టర్బో 1.4 బార్ బూస్ట్ ఇస్తోందనుకోండి. ఇంజెక్టర్ ముక్కు దగ్గర ఆ 1.4 బార్ ఎదురు తోస్తుంది. అందుకే రెగ్యులేటర్ రైలులో ప్రెషర్‌ను 3 + 1.4 = 4.4 బార్‌కు పెంచుతుంది. అంటే ఇంజిన్‌కు పెట్రోలు ఎక్కువగా కావాల్సిన క్షణంలోనే పంపు చేతికి బరువు ఎక్కువవుతుంది.

పంపు పేరులో ఉండే అంకె సాధారణంగా 3 బార్ చుట్టుపక్కల కొలిచినది. 4.4 బార్ దగ్గర ఎంత ఇస్తుందో తయారీదారు ఇచ్చే ఫ్లో కర్వ్‌లో చూడాలి. మన లెక్క కోసం అది 215 లీటర్లు అనుకుందాం. 210 కంటే ఐదు లీటర్లే ఎక్కువ. పాస్ అయింది కానీ బొటాబొటీ మార్కులతో!

లెక్క 3: తీగలో పోయే వోల్టులు

సాయంత్రం ఊళ్లో లో వోల్టేజీ వస్తే బోరు మోటారు మూలుగుతూ నీళ్లు తక్కువ పోస్తుంది. కారులోనూ అంతే. ఫ్లో కర్వ్ సాధారణంగా 13.5 లేదా 13.8 వోల్టుల దగ్గర తీస్తారు. మీ కారులో పంపు దగ్గరికి నిజంగా అన్ని వోల్టులు చేరుతున్నాయా?

కంపెనీ వేసిన తీగ చిన్న పంపు కోసం వేసింది. పెద్ద పంపు 15 ఆంపియర్లు లాగుతోందనుకుందాం. పాత తీగ, కనెక్టర్లు, ఎర్త్ అన్నీ కలిపి రెసిస్టెన్స్ 0.1 ఓమ్ ఉందనుకుందాం. ఓమ్ నియమం ప్రకారం 15 × 0.1 = 1.5 వోల్టులు దారిలోనే పోతాయి. 13.8 బయల్దేరితే పంపుకు చేరేది 12.3. అంటే దాదాపు 11 శాతం తగ్గింది. ప్రవాహం కూడా కనీసం ఆ మేరకు పడిపోతుందనుకుంటే 215 కాస్తా 191 అవుతుంది. ప్రెషర్ ఎక్కువగా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువే పడొచ్చు.

మనకు కావాల్సింది 210. పెట్టె మీద 255. ఇంజిన్‌కు చేరేది 191. పంపు తప్పేమీ లేదు, తీగ సన్నం! ఇక్కడ ఇంకా పెద్ద పంపు కొనడం కంటే, బ్యాటరీ నుంచి నేరుగా మందమైన తీగ లాగి, మధ్యలో ఫ్యూజు, రిలే పెట్టి, ఎర్త్ బాగు చేయడం చవక. ఆ పని చేస్తే మళ్లీ 215కి దగ్గరవుతాం.

సుప్రాలో ఇంకో చిన్న మెలిక ఉంది. ఈ కారులో పంపుకు విడిగా ఓ కంట్రోల్ యూనిట్ ఉంటుంది. తక్కువ లోడ్‌లో అది కావాలనే పంపుకు వోల్టేజీ తగ్గిస్తుంది. దీంతో శబ్దం తగ్గుతుంది, పెట్రోలు అనవసరంగా తిరిగి వేడెక్కదు. కొత్త పంపు వేసినవాళ్లు ఈ యూనిట్ సంగతి కూడా చూసుకోవాలి. ఈఈఈ, ఈసీఈ విద్యార్థులూ... ఇది మీ సబ్జెక్టే, గమనించారా?

లెక్క 4: పంపు పాసైంది, మరి ఇంజెక్టర్లు?

అమెరికా సుప్రాలో కంపెనీ ఇంజెక్టర్లు నిమిషానికి 550 సీసీ చిమ్మగలవు. మొత్తం ఆరు. ఇంజెక్టర్‌ను నూటికి నూరు శాతం సమయం తెరిచి ఉంచకూడదు. 85 శాతం దగ్గర ఆపడం మంచి అలవాటు.

550 × 0.85 × 6 = నిమిషానికి 2,805 సీసీ. గంటకు దాదాపు 168 లీటర్లు. దీన్ని హెచ్‌పీలోకి మారిస్తే సుమారు 460.

చూశారా? పంపు, తీగ అన్నీ సరిచేసినా ఈ కారు 460 దగ్గర ఆగుతుంది. 500 రావాలంటే ఒక్కో ఇంజెక్టర్ దాదాపు 600 సీసీ ఇవ్వాలి. జపాన్ మోడల్‌లో అయితే ఇంజెక్టర్లు 440 సీసీవే. అదే లెక్క వేస్తే అది 370 దగ్గరే ఆగుతుంది. ఒకే కారు, ఒకే ఇంజిన్ పేరు. దేశం మారితే అడ్డు కూడా మారింది.

గాలి లేకుండా పెట్రోలు ఏం చేస్తుంది?

అసలు పవర్ పుట్టేది గాలీ, పెట్రోలూ కలిసి మండినప్పుడు. పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువులో ఒక వంతు పెట్రోలుకు 14.7 వంతుల గాలి కావాలి. టర్బో ఇంజిన్లు పూర్తి లోడ్‌లో కాస్త చిక్కగా, 12కు దగ్గరగా నడుస్తాయి. 11.8 తీసుకుంటే, మన 135 కిలోల పెట్రోలుకు గంటకు దాదాపు 1,600 కిలోల గాలి కావాలి. అంటే గంటలో ఆ ఇంజిన్ దాదాపు ఓ సుప్రా బరువంత గాలిని పీల్చాలన్నమాట! అంత గాలి తెచ్చే పని టర్బోది, ఇంటర్‌కూలర్‌ది, ఎగ్జాస్ట్‌ది. ఆ గాలి రాకపోతే ఎంత పెట్రోలు పోసినా లాభం లేదు. మంట పాడై పవర్ తగ్గుతుంది కూడా.

దీనికి రివర్స్ కేసు ఇంకా ప్రమాదం. గాలి బాగా వస్తోంది, బూస్ట్ పెంచారు, పంపు మాత్రం పాతదే. పైకెళ్లేకొద్దీ రైలులో ప్రెషర్ జారుతుంది. మిశ్రమం పలచబడుతుంది. సిలిండర్‌లో వేడి పెరిగి, స్పార్క్ మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తాను పేలినట్టు మండుతుంది. దీన్నే నాకింగ్ అంటాం. పూర్తి లోడ్‌లో అది కాసేపు కొనసాగినా పిస్టన్ పగలొచ్చు, కరగొచ్చు. పంపులో మిగుల్చుకున్న డబ్బు ఇంజిన్ మీద పెట్టాల్సి వస్తుంది. ట్యూనింగ్ తెలిసినవాళ్లు పవర్ పెంచే ముందే ఇంధన వ్యవస్థను సిద్ధం చేసుకునేది ఇందుకే.

ఇంకో మాట. కొత్త పంపు కొనే ముందు పాతదాన్ని కొలవాలి. లోడ్‌లో రైలు ప్రెషర్ పడిపోతోందంటే పంపే కారణమని తేల్చేయకూడదు. ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, తీగ వేడెక్కి ఉండొచ్చు, రెగ్యులేటర్ పాడై ఉండొచ్చు. పార్టు మార్చడం ఎవరైనా చేస్తారు. ఏ పార్టు మార్చాలో కొలిచి చెప్పేవాళ్లకే డిమాండ్.

ఇదే ప్రశ్న ఫార్ములా స్టూడెంట్ కారుకు వేస్తే?

సుప్రా మనకు దూరం. కాలేజీ టీమ్ కట్టే ఫార్ములా స్టూడెంట్ కారు దగ్గరే. ఈ పోటీల్లో పెట్రోలు ఇంజిన్ 710 సీసీ దాటకూడదు. లోపలికెళ్లే గాలి మొత్తం 20 మిల్లీమీటర్ల రెస్ట్రిక్టర్ గుండానే వెళ్లాలి.

ఆ రంధ్రంలో గాలి వేగం ధ్వని వేగానికి చేరాక, ఇంజిన్ ఎంత పీల్చినా అంతకు మించి రాదు. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో చదివిన చోక్డ్ ఫ్లో ఇదే. సముద్రమట్టం దగ్గర, 27 డిగ్రీల వద్ద లెక్క వేస్తే సిద్ధాంతపరంగా సెకనుకు గరిష్ఠంగా 0.074 కిలోల గాలి. గాలి-పెట్రోలు నిష్పత్తి 12.5 పెడితే గంటకు 21 కిలోల పెట్రోలు. లీటర్లలో 29.

గంటకు 29 లీటర్లు చాలే కారులో 255 లీటర్ల పంపు పెడితే? పవర్ రాదు సరికదా... బరువు, కరెంటు ఖర్చు, ట్యాంకులో పెట్రోలు వేడెక్కడం అదనం. సుప్రాలో అడ్డు ఇంజెక్టర్ దగ్గరుంటే, ఇక్కడ అడ్డు గాలి దగ్గరుంది. ప్రశ్న ఒకటే, జవాబు కారును బట్టి మారింది. ఇంటర్వ్యూలో మీరు ఈ రెండు ఉదాహరణలూ పక్కపక్కన పెట్టి చెబితే, మీరు బట్టీ పట్టలేదని అవతలివాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

మన రోడ్ల మీద సంగతేంటి?

ఇప్పుడు మన దగ్గర అమ్మే చాలా టర్బో పెట్రోలు కార్లలో డైరెక్ట్ ఇంజెక్షన్ ఉంది. వీటిలో పంపులు రెండు. ట్యాంకులోది కొన్ని బార్ల ప్రెషర్‌తో పెట్రోలును ఇంజిన్ దాకా తెస్తుంది. ఇంజిన్ మీద క్యామ్‌షాఫ్ట్ తిప్పే రెండో పంపు దాన్ని 200 బార్లు, కొన్నిట్లో 350 బార్ల దాకా తీసుకెళుతుంది. ఇక్కడ ఏ పంపు అడ్డు అన్నది మరో ప్రశ్న.

ఇథనాల్ ఇంకో మలుపు. పెట్రోలుకు 14.7 వంతుల గాలి కావాలంటే, ఇథనాల్‌కు 9 వంతులే చాలు. తిప్పి చెబితే, అదే గాలికి ఇథనాల్ ఎక్కువ పోయాలి. 85 శాతం ఇథనాల్ ఉండే ఈ85 వాడితే ఇంధనం దాదాపు మూడో వంతు ఎక్కువ కావాలి. మన సుప్రా లెక్కలో 182 లీటర్లు 240 దాటిపోతాయి. మన బంకుల్లో దొరికే ఈ20తో తేడా అంత పెద్దది కాదు. కానీ పంపు లోపలి రబ్బరు, ప్లాస్టిక్, లోహ భాగాలు ఇథనాల్‌ను తట్టుకోవాలి. ఇంధన వ్యవస్థలు తెలిసిన ఇంజినీర్లకు ఇది కొత్త పని.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. రోడ్డు మీద తిరిగే బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52 ఒప్పుకోదు. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182-ఏ ప్రకారం అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. వారంటీ, ఇన్సూరెన్స్ చిక్కులు వేరే. కాబట్టి నాన్న కారు మీద ప్రయోగాలొద్దు!

ఖర్చు తక్కువ, సరుకు ఎక్కువ ఉన్న ప్రాజెక్టు

ఫైనలియర్ ప్రాజెక్టు అంటే రెడీమేడ్‌గా కొనేసి రిపోర్టుకు పేరు అతికించడం చాలా చోట్ల మామూలైపోయింది. వేలకు వేలు పోతాయి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బండారం బయటపడుతుంది. దాని బదులు ఒక నెల ఈ పని చేసి చూడండి.

మొదటి వారం: పైన చూసిన నాలుగు లెక్కలను ఒక స్ప్రెడ్‌షీట్‌లో పెట్టండి. హెచ్‌పీ, బూస్ట్, ఇంధనం రకం, తీగ రెసిస్టెన్స్ మార్చగానే జవాబు మారాలి. చివర్లో 'అడ్డు ఎక్కడ' అని ఒక గడి ఉండాలి. ముందు మీ బైకుతో మొదలుపెట్టండి. 14 హెచ్‌పీ బైకుకు పూర్తి పవర్‌లో గంటకు నాలుగు లీటర్ల పైచిలుకే వస్తుంది. వచ్చిందా లేదా చూసుకోండి.

రెండో వారం: 12 వోల్టుల చిన్న నీళ్ల పంపు కొనండి. నిప్పుతో చెలగాటం వద్దు, పెట్రోలు ముట్టుకోవద్దు. పంపును కింద బకెట్‌లో పెట్టి, పైపును మెట్ల వెంట పైకి తీసుకెళుతూ వేర్వేరు ఎత్తుల్లో నిమిషానికి ఎన్ని నీళ్లు వస్తున్నాయో కొలపాత్రతో కొలవండి. 10 మీటర్ల ఎత్తు అంటే దాదాపు 1 బార్. అలా మీ సొంత ఫ్లో కర్వ్ తయారవుతుంది.

మూడో వారం: అదే పరీక్షను 10, 12, 13.8 వోల్టుల దగ్గర చేయండి. తర్వాత మధ్యలో పొడవైన సన్నటి తీగ పెట్టి, పంపు దగ్గర వోల్టేజీని మల్టీమీటర్‌తో చూడండి. లెక్క 3 మీ కళ్లముందే నిజమవుతుంది.

నాలుగో వారం: గ్రాఫులు గీయండి. పైథాన్ వస్తే ఇంకా మంచిది. మీ లెక్కకూ, కొలతకూ ఎక్కడ తేడా వచ్చింది, ఎందుకు వచ్చింది... రెండు పేజీల్లో రాయండి. తేడా రావడం తప్పు కాదు. దాని కారణం వివరించడమే మీ మార్కు.

ఇప్పుడు రెజ్యుమెలో 'ఆటోమొబైల్స్ అంటే ఆసక్తి' అన్న లైను తీసేయండి. దాని స్థానంలో ఇలా రాయండి: '12 వోల్టుల పంపును మూడు వోల్టేజీలు, ఐదు ఎత్తుల దగ్గర పరీక్షించి ఫ్లో కర్వ్ తీశాను. ఫ్యూయల్ సిస్టమ్‌లో అడ్డు ఎక్కడుందో చెప్పే స్ప్రెడ్‌షీట్ తయారుచేశాను.' రెండింటికీ తేడా మీకే తెలుస్తుంది. ఇంకా ముఖ్యంగా, దీని మీద ఎన్ని ప్రశ్నలు వేసినా మీ దగ్గర జవాబు ఉంటుంది. ఎందుకంటే చేసింది మీరే.

ఈ చదువు ఏ ఉద్యోగానికి?

ఇంజిన్ క్యాలిబ్రేషన్: ఏ లోడ్‌లో ఎంత ఇంధనం, ఎప్పుడు స్పార్క్ అని ఈసీయూకు నేర్పే పని. మ్యాట్‌ల్యాబ్, సిమ్యులింక్ బేసిక్స్ ఉంటే ముందుంటారు. ఈటాస్ సంస్థ ఇంకా టూల్‌ను ఈ రంగంలో విరివిగా వాడతారు.

టెస్టింగ్, వ్యాలిడేషన్: డైనమోమీటర్ మీద ఇంజిన్లు, రిగ్‌ల మీద పంపులు, ఇంజెక్టర్లు పరీక్షించడం. పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి పరీక్షా సంస్థల పేర్లు గుర్తుంచుకోండి.

ఎంబెడెడ్ కంట్రోల్: పంపు వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చే సాఫ్ట్‌వేర్ రాయడం. సీ భాష, క్యాన్ ప్రొటోకాల్ వచ్చిన ఈసీఈ, ఈఈఈ వాళ్లకు చోటు ఇక్కడ.

ఇంజినీరింగ్ సెంటర్లు, ప్లాంట్లు: హైదరాబాద్‌లో హ్యుందాయ్ ఇంజినీరింగ్ విభాగం, జెడ్ఎఫ్ టెక్నాలజీ సెంటర్ ఉన్నాయి. పెనుకొండ దగ్గర కియా, జహీరాబాద్‌లో మహీంద్రా, శ్రీసిటీలో ఇసుజు ప్లాంట్లు నడుస్తున్నాయి. వీటి కెరియర్ పేజీలతో పాటు కేంద్ర ప్రభుత్వ నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రెయినింగ్ స్కీమ్ పోర్టల్‌నూ చూస్తూ ఉండండి.

ఈవీలు వచ్చేస్తున్నాయి కదా, ఇంకా పంపు ఎందుకు?

జూనియర్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఎలక్ట్రిక్ కారులో పెట్రోలు పంపు ఉండదు, నిజమే. కానీ బ్యాటరీని చల్లబరిచే కూలెంట్ పంపు ఉంటుంది. దానికీ ఫ్లో కర్వ్ ఉంటుంది. బ్యాటరీ నుంచి మోటారుకు వెళ్లే కేబుల్‌లో వోల్టేజీ పడిపోవడం ఉంటుంది. మోటారు 200 కిలోవాట్లు ఇవ్వగలిగినా బ్యాటరీ 150 మాత్రమే ఇస్తే కారు 150 దగ్గరే ఆగుతుంది. సుప్రాలో ఇంజెక్టర్ల దగ్గర ఆగిందే, అలాగన్నమాట. పార్టు పేరు మారుతుంది, వెతికే పద్ధతి మారదు.

చదివాక ఈ ప్రశ్నలకు పుస్తకం చూడకుండా జవాబు చెప్పుకోండి

* కంపెనీ కండిషన్‌లో ఉన్న కారులో పెద్ద పంపు మాత్రమే వేస్తే హెచ్‌పీ ఎందుకు పెరగదు?
* బూస్ట్ 1 బార్, బేస్ ప్రెషర్ 3 బార్ అయితే రైలులో ప్రెషర్ ఎంత ఉండాలి?
* నాలుగు సిలిండర్ల టర్బో కారును 250 హెచ్‌పీకి తీసుకెళ్లాలంటే ఒక్కో ఇంజెక్టర్ ఎన్ని సీసీలు ఉండాలి?
* పంపు 12 ఆంపియర్లు లాగుతూ, తీగ రెసిస్టెన్స్ 0.05 ఓమ్ ఉంటే ఎన్ని వోల్టులు పోతాయి?
* లోడ్‌లో ఫ్యూయల్ ప్రెషర్ పడిపోతే పంపు కాకుండా ఇంకే మూడు చోట్ల చూస్తారు?

రెండో దానికి 4 బార్, మూడో దానికి సుమారు 450 సీసీ, నాలుగో దానికి 0.6 వోల్టులు రావాలి. మొదటి దానికీ, అయిదో దానికీ జవాబు పైన చదివారు. మీ మాటల్లో చెప్పగలిగితే చాలు. రాకపోతే ఈ సాయంత్రం మళ్లీ ఒకసారి పెన్ను పట్టుకోండి. ఇంటర్వ్యూ గదిలో 'పెద్ద పంపు వేస్తే సరిపోతుందా?' అని ఎవరైనా అడిగితే, 'లెక్క వేసి చెబుతా సర్' అనడానికి అప్పుడు తడబడరు.